కాల్చని బీడీ పొడవు

పశువైద్య కళాశాలలో నేను ఐదేళ్లు చదివాను. ఆ ఐదేళ్లలో కుక్క కడుపు గురించి విన్నది మహా అయితే ఐదు గంటలు. అందులో ఒక గంట కునుకు తీశాననే అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత నాకు అవసరపడిన సంగతి సరిగ్గా ఆ గంటలోనే చెప్పి ఉండాలి.

మొదటి ఉద్యోగం ఇల్లందు నుంచి కారేపల్లి పోయే వైపు, అడవి అంచున ఒక చిన్న పశువుల దవాఖానాలో. ఎనభైల చివరి సంవత్సరాలు. రెండు గదులు, రేకుల వరండా, ముందు ఎద్దులను నిలబెట్టి కట్టే దుంగల బోను. సిబ్బంది అంటే నేను, కాంపౌండరు. కాంపౌండరు ఖమ్మం పట్టణంలో తరాలుగా ఉంటున్న ముస్లిం కుటుంబంవారు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయన నన్ను సార్ అనేవారు, నేను ఆయన్ని చాచా అనేవాణ్ణి. ఈ రెండు పిలుపులు విన్న ఏ రైతుకైనా మాలో ఎవరు ఎవరికి అధికారో క్షణంలో తెలిసిపోయేది. మందు నేను రాసినా, వాళ్లు ఒకసారి చాచా మొహంలోకి చూసి, ఆయన తలూపాకే చీటీ మడిచి రొండిన పెట్టుకునేవారు.

నాకు చేతనైన శస్త్రచికిత్స బర్రె పొట్ట కోయడం. ఇనుప మేకులు, చెప్పు అట్టలు, ఒకసారి నిండు చీర కొంగు మింగిన బర్రెలకు పక్కన కోసి, చేయి భుజం దాకా లోపలికి పోనిచ్చి, వెతికి తీసేవాణ్ణి. కోత ఎంత పెట్టాలన్న విషయంలో నా శాస్త్రజ్ఞానం చాలా సులువైనది. డాక్టరు భుజం ఎంత లావో, కోత అంత.

అలా ఉండగా ఒక ఉదయం బొగ్గు బావిలో టింబర్‌మన్‌గా పనిచేసే ఒక పెద్దమనిషి కుక్కను భుజాన వేసుకుని వచ్చాడు. టింబర్‌మన్ అంటే భూమి లోపల, బొగ్గు తీసేసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్క చీలలు బిగించేవాడు. ఇరవై ఏళ్లుగా కొండను నెత్తిమీద పడకుండా ఆపుతున్న మనిషి కాబట్టి, కొత్తగా వచ్చిన డాక్టరును చూసి బెదిరేది ఏమీ లేదు. వెనకే ఆయన భార్య. ఆమె లోపలికి రాలేదు. వరండా గట్టు మీద కూర్చుంది.

కుక్కది నాలుగేళ్ల వయసు, ఎర్రటి ఊరకుక్క. ఎముకల మీద తోలు కప్పినట్టు ఉంది కానీ కళ్లలో మాత్రం ఆకలి కణకణ మండుతోంది. చాచా రిజిస్టరు తెరిచి పేరు అడిగారు. కుక్కకు పేరెందుకు, మాకు ఉన్నది అదొక్కటే కదా అన్నాడు టింబర్‌మన్. చాచా ఆలోచించి, పేరు అనే గడిలో కుక్క అనీ, జాతి అనే గడిలో కూడా కుక్క అనీ రాశారు.

"తింటది సారూ, మస్తు తింటది," అన్నాడు టింబర్‌మన్. "తిన్నంక నాలుగైదు గంటలు నిమ్మలంగనే ఉంటది. గప్పుడు లేచి, ఎవలన్న చుట్టాలొచ్చి కూసుంటే ఆళ్ల ముందట్కి పోయి మొత్తం కక్కుతది. కక్కి మళ్ల నా దిక్కు సూస్తది, ఇంకింత పెట్టుమని."

మూడు నెలలుగా ఇదే వరస. ఆ ఇంటికి చుట్టాలు రావడం తగ్గింది గానీ కుక్క రోగం తగ్గలేదు. నేను నాకు తెలిసిన వైద్యం చేశాను. నులిపురుగుల మందు ఇచ్చాను. పది రోజుల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చేసరికి, మరోసారి నులిపురుగుల మందు ఇచ్చాను. మూడోసారి వచ్చేసరికి కుక్క నా చేయి చూసి దానంతట అదే నోరు తెరిచింది. అప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది.

కక్కిన అన్నం గంటల తరబడి కడుపులో ఉండి కూడా కిందికి పోకుండా పైకి వస్తోందంటే, కడుపు చివర, పేగులోకి తెరుచుకునే ద్వారం దగ్గర ఏదో అడ్డం ఉండాలి. ఇంతవరకు పుస్తకం తిరగేసి నేనే కనుక్కున్నాను. చాచా అభిప్రాయం వేరు. అది చెప్పు మింగి ఉంటుందని ఆయన నమ్మకం. నా బర్రెల అనుభవం ఆయన్ని అలా పాడుచేసింది.

ఇల్లందు బజారులో చాచాకు తెలిసిన ఎక్స్‌రే ఆయన ఉన్నాడు. మనుషులకే తీస్తాడు. చాచా వెళ్లి ఏం చెప్పారో గానీ, మధ్యాహ్నం భోజనానికి తలుపులు వేసుకునే వేళ తీసుకురమ్మన్నాడు. నా మోటార్‌సైకిల్ మీద నేను, వెనక టింబర్‌మన్, ఇద్దరి మధ్యలో కుక్క. బజారులో ఒక్కరు కూడా నాకు నమస్కారం పెట్టలేదు. దారి పొడవునా అందరూ కుక్కనే పలకరించారు, పాపం ఏమైంది, గిట్ల చిక్కిపోయింది అని. ఎక్స్‌రేలో కనబడేలా, సున్నం నీళ్లలా తెల్లగా ఉండే మందు పొద్దున్నే తాగించి ఉంచాం. ఐదు గంటలు గడిచాక కూడా ఆ మందంతా కడుపులోనే ఉన్నట్టు ఫొటోలో తేలింది. చివర నుంచి పేగులోకి మాత్రం దారం పోగంత తెల్లటి గీత దిగి ఉంది. చెప్పు ఎక్కడా లేదు. ఆ ఫొటోను చాచా చాలాసేపు వెలుతురుకు పట్టి చూశారు. ఆయనకు చెప్పు పోయినంత బాధ కలిగింది.

విషయం స్పష్టమైంది. ఆ ద్వారం చుట్టూ ఉన్న కండరం లావెక్కి బిగుసుకుపోయింది. పొట్ట తెరిచి, ఆ కండరాన్ని పొడవునా చీరాలి. లోపలి పలచని పొర మాత్రం తెగకూడదు. కండ విడిపోతే దారి వెడల్పవుతుంది. చేయకపోతే కుక్క ఇంకో మూడు వారాలు బతికితే గొప్ప. ఇదే మాట టింబర్‌మన్‌కు చెప్పాను. వరండాలో ఆమెకు వినిపించింది. అప్పుడే ఆమె మొదటిసారి లోపలికి వచ్చింది.

ఉగాది దాటింది. తునికాకు కాలం వారం పది రోజుల్లో మొదలవుతుంది. తెల్లవారుజామునే ఆడవాళ్లు అడవిలోకి పోయి, ఎండ ముదరకముందే బీడీల ఆకు కోసుకుని వస్తారు. గుడ్డెలుగులు కూడా ఆ వేళకే తిరుగుతాయి. కిందటేడు పక్క గుడిసె ఆమె భుజాన్ని ఎలుగు చీరిన రోజున ఈమె బతికి బయటపడింది ఈ కుక్క ముందుగా అరిచినందుకే.

"గుడ్డెలుగు నాకు కనవడెటాల్లకు ఆలిస్యమైతది సారూ. దీనికి ముందుగాల్నే తెలుస్తది," అందామె. "ఇది లేకుంటే నేను ఆకుకు పోను. నేను పోకుంటే గీయన అన్నం ఎట్ల వండుకుంటడో నేర్చుకోవాలె."

చివరి వాక్యానికీ దాని ముందు వాక్యాలకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. టింబర్‌మన్‌కు మాత్రం బాగా అర్థమైంది. ఆయన మొహం మారింది.

అయినా కోత అనేసరికి అడ్డం తిరిగాడు. వాళ్ల ఊళ్లో అడవిపంది కోరకు పొట్ట చీలిన కుక్కలను ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. పేగులు లోపలికి తోసి, దబ్బనంతో కుట్టి, పసుపు పూసి, మూడో నాడు గొయ్యి తవ్వడమే. పొట్ట పెద్దగా తెరుచుకున్న కుక్క మళ్లీ లేచి నడవగా ఆయన చూడలేదు. ఎంత కోస్తవ్ అని అడిగాడు. నేను అరచేయి చాపి జాన చూపించాను.

"నీ జానా, కుక్క జానా?" అన్నాడు.

కాలేజీలో అలాగే నేర్పారని చెప్పాను. నేర్పినవాళ్లు బొగ్గు బావిలో దిగారా అని అడిగాడు. దిగలేదని ఒప్పుకోక తప్పలేదు.

"బొగ్గు కావాలంటే గుట్టంత తవ్వుతమా సారూ? ఏటవాలుగ ఇన్‌క్లైన్ కొట్టి లోపల్కి పోతం, పని చేసుకుంటం, బయటికొస్తం. మీద చెట్టు చెట్టు లెక్కనే ఉంటది."

ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ అని పైనుంచి మొత్తం తవ్వేస్తున్నారు కదా అన్నాను నేను, కాలంతో పాటు నడిచేవాడిలా.

"గందుకే గాడ చెట్టు లేదు," అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు, అది నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను. లోపల గ్యాలరీ, అంటే సొరంగం దారి, ఎంత వెడల్పుగా తీస్తే కప్పు అంత తొందరగా దిగుతుందట, ఎన్ని దుంగలు పెట్టినా సరే. కుక్క పొట్టకూ అదే లెక్క. అదేమో మంచం మీద పడుకుని ఉండే రోగి కాదు. లేవగానే ఉరుకుతుంది. జానెడు కుట్లు ఆగుతాయా? నాకు తెలిసిన శాస్త్రంలో దీనికి జవాబు లేదు. ఉంటే ఆ కునుకు గంటలో ఉండి ఉండాలి.

ఆ తర్వాత జరిగినదాన్ని వైద్య సంప్రదింపులు అని రిజిస్టరులో రాశాం గానీ, చూసినవాళ్లకు సంతలో మేక బేరంలా ఉండి ఉంటుంది. ఆయన చెవి సందు నుంచి బీడీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇంత. నేను రెండు బీడీలు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒకటిన్నర అన్నాను. చాచా మధ్యలో దిగి, అది కాల్చిన బీడీయా, కాల్చనిదా అన్నది ముందు తేల్చుకోవాలన్నారు. ఆ తేడా మీద నాకు అర వేలెడు దక్కింది. చివరికి కాల్చని బీడీ ఒకటి, నిలువు పొడవు, ఒక్క నూలుపోగు ఎక్కువైనా ఆపరేషన్ ఆపాలి అన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. జంతు శస్త్రచికిత్సలో చిన్న కోత పద్ధతి మా జిల్లాకు ఇలా వచ్చింది. వేరే చోట్లకు ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఒప్పుకున్నాక భయం మొదలైంది. రెండు రోజులు పుస్తకం వదల్లేదు. పొట్ట మధ్యలో కాకుండా, కుడి వైపు ఆఖరి పక్కటెముక వెనక కోస్తే ఆ ద్వారం దగ్గరవుతుంది. కండరాలను కోయకుండా పోగుల వెంబడి విడదీసుకుంటూ పోతే కుట్లకూ బలం. ఒక వేలు పడుతుంది. వేలితో వెతికి, ఆ ద్వారాన్ని పట్టుకుని పైకి లాగి, కోతలోంచి బయట పెట్టుకుని పని చేసి, మళ్లీ లోపలికి జారవిడవాలి. కాగితం మీద అంతా బాగానే ఉంది. కాగితానికి పేగులు ఉండవు.

వెలుతురు మరో సమస్య. అంత చిన్న పొక్కలోకి కిటికీ వెలుతురు పోదు. కరెంటు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. దీన్ని టింబర్‌మన్ తీర్చాడు. బావిలో దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే గదిలో ఆయన బామ్మర్ది ఉన్నాడు. ఆదివారం పొద్దున టింబర్‌మన్ బావి టోపీ, దానికి బిగించే దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీతో సహా హాజరయ్యాడు. చాచా నాకు ముందు బ్యాటరీ కట్టి, టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టారు. ఆ తర్వాత నేను చేతులు కడుక్కున్నాను. ఇంక దేన్నీ ముట్టుకోవడానికి లేదు, కాబట్టి టోపీ ముక్కు మీదికి జారినప్పుడల్లా చాచాను పిలవాల్సి వచ్చేది. కానీ ఒక నిజం చెప్పాలి. తల ఎటు తిప్పితే వెలుతురు అటు పోయే అంత మంచి దీపం కాలేజీలో మా ప్రొఫెసర్లకు కూడా లేదు.

చేతులు కడుక్కోకముందే, కుక్క నిలబడి ఉండగానే వెంట్రుకలు గొరిగి, చోటు వేలితో చూపించాను. టింబర్‌మన్ అక్కడ బీడీ ఆనించి, పక్కన బొగ్గు ముక్కతో గీత గీశాడు, రెండు చివరలా అడ్డగీతలతో సహా. మత్తు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టేసరికి గీత అక్కడ లేదు. చిక్కిన కుక్క తోలు వదులు కదా, మూడు వేళ్ల మేర జారి వీపు వైపుకు పోయింది. గీత జరిగింది, కొత్తది గీయాలి అన్నాను. తన చేత్తో గీసిన గీత జరగడం ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేదన్నాడాయన. గీత కాదు, కుక్క జరిగిందన్నాను. కుక్క మత్తులో ఉంది, ఎట్ల జరుగుతుందన్నాడు. వాదన పెంచితే కుక్క లేచి కూర్చునేలా ఉంది. నేను తోలును రెండు వేళ్లతో పట్టి, గీత నాకు కావలసిన చోటికి వచ్చేదాకా పక్కకు లాగి, చాచాను అలాగే పట్టుకోమన్నాను. ఇప్పుడు కోత ఆయన గీత మీదే ఉంటుంది, నాకు కావలసిన చోటే ఉంటుంది. ఆయన తృప్తిగా తలూపాడు. నా వృత్తిలో నేను చేసిన మోసాల్లో ఇది అన్నిటికంటే శుభ్రమైనది.

తోలు కోశాను. కండరం పోగులు విడదీశాను. వేలు లోపలికి పోయింది. కడుపు తగిలింది, దాని వెంట కుడి వైపుకు పోతే ఆ ద్వారం తగిలింది, కుంకుడుకాయలా గట్టిగా, గుండ్రంగా. దొరికింది అన్నాను. వరండాలో ఆమె లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

దొరికింది గానీ రాదు. లాగితే సగం దూరం వచ్చి ఆగుతోంది. పేగులు పొంగి అడ్డం పడుతున్నాయి. వాటిని పక్కకు తోద్దామంటే రెండో వేలికి చోటు లేదు. కాసేపు ప్రయత్నించాను. చెమట టోపీ కింది నుంచి కారుతోంది. చాచా తుడిచారు. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ తుడిచారు. కుక్క ఊపిరి తేలికవుతోంది, మత్తు ఎంతోసేపు ఆగదు. ఇంకో అర బీడీ పొడవు కోస్తే అరనిమిషంలో అయిపోతుంది. కత్తి చేతిలోనే ఉంది. బతకడం కావాలా, మాట కావాలా అని అడుగుదామని తల ఎత్తాను. దీపం వెలుతురు నేరుగా టింబర్‌మన్ కళ్లలో పడింది. ఆయన కళ్లు మూసుకోలేదు. బల్ల వైపు చూస్తున్నాడు.

"మనిషి పట్టకుంటే సందు పెద్దగ చెయ్యం సారూ," అన్నాడు. "మనిషిని తిప్పుతం. జర ఆగు."

బయటికి వెళ్లి, ఎద్దుల బోను పక్కన పడి ఉన్న చెక్క ముక్కలు నాలుగు తెచ్చాడు. బల్ల కాళ్ల దగ్గర కూర్చుని, కుక్క తల వైపు రెండు కాళ్ల కింద చీలలు దిగ్గొట్టాడు. తర్వాత కుడి పక్క కాళ్లకు ఇంకొంచెం. ఒక్కొక్క దెబ్బకు బల్ల బెత్తెడు లేచింది, వణకలేదు. నా కాళ్ల కింద నేల సమానంగానే ఉంది కానీ నా ఎదుట లోకం ఎడమకు ఒరిగింది. లోపల పేగులన్నీ తమంతట తామే ఎడమ వైపుకు, కిందికి, సంచిలో వడ్లు జారినట్టు జారిపోయాయి. కుడి వైపు ఖాళీ అయింది. వేలితో మళ్లీ లాగాను. కుంకుడుకాయ కోతలోంచి తల బయట పెట్టింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక పశువైద్యుల సమావేశంలో, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పోనిచ్చి కుక్కలకు ఆపరేషన్ చేయడం తెర మీద చూపించారు. చెప్పేవారు ఒక మీట నొక్కారు, బల్ల ఒరిగింది. ఈ ఒరగడంలోనే సగం ఆపరేషన్ ఉందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. మా బల్లకు మీట లేదు, సుత్తి ఉన్న మనిషి ఉండేవాడు.

మిగిలిన పని చూడ్డానికి పది నిమిషాలదే. కండరాన్ని పొడవునా, పొరలు పొరలుగా చీరాను. బియ్యపు గింజంత లోతు ఎక్కువైతే లోపలి పొర తెగుతుంది, తక్కువైతే దారి తెరుచుకోదు. చివరి పోగు విడిపోగానే లోపలి పొర తెల్లగా, తడిగా ఉబ్బి పైకి వచ్చింది. చాచా చేయి పొట్ట మీద పెట్టి మెల్లగా నొక్కారు. ఎక్కడా చుక్క కారలేదు. లోపలికి జారవిడిచి కుట్టాను. కుట్టాక టింబర్‌మన్ బీడీ తెచ్చి కోత పక్కన ఆనించి చూశాడు. వంగి చూశాడు, అటు వైపు నుంచి కూడా చూశాడు. ఆ తర్వాతే దాన్ని వెలిగించుకోవడానికి బయటికి పోయాడు.

అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. అన్నం కిందికి పోతుందా లేదా? మొదటి వారం గంటకు రెండు చెంచాల బియ్యం జావ తప్ప ఇంకేమీ పెట్టొద్దని, కుక్కను గుంజకు కట్టేసి ఉంచాలని చెప్పి పంపాను. టింబర్‌మన్ తన ఇంట్లో కడుపు ఆపరేషన్ అయినవాళ్లు ఉన్నారని రాసి సెలవు తీసుకున్నాడు. ఆ చీటీలో ఒక్క అబద్ధమూ లేదు.

ఆరో రోజు పొద్దున ఎనిమిదింటికల్లా నేను, చాచా మోటార్‌సైకిల్ మీద వాళ్ల గూడేనికి పోయాం. టింబర్‌మన్ గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో జావ గిన్నె, ఇంకో చేతిలో చెంచా. గుంజకు తాడు మాత్రమే ఉంది. కుక్క ఏదని అడిగాను. ఆకు కోత ఆ రోజే మొదలైందట. తెల్లారకముందే భార్య అడవికి పోయింది, పోతూ తాడు విప్పి కుక్కను తీసుకుపోయింది.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. చాచా కూడా ఉర్దూలో అదే అన్నారు. కుట్లు, పరుగు, ముళ్లపొదలు, ఎలుగుబంట్లు అని నేను లెక్కపెడుతూ ఉంటే టింబర్‌మన్ తల వంచుకుని, అది ఒక్కటే కాదన్నాడు. జావ రెండు రోజులే నడిచిందట. మూడో నాడు ఆమె గిన్నె లాక్కుని, ఇది కుక్కనా కోడిపిల్లనా అని, వాళ్లు తిన్నదే కొంచెం కొంచెం పెట్టడం మొదలుపెట్టిందట. ఇన్నాళ్లూ అది కక్కలేదు గానీ, దొడ్డికీ పోలేదట. కడుపు నిండా పెట్టింది మాత్రం ఈ పొద్దునే, జొన్నరొట్టె, ఎండు చేపల కూర. మరి ఈ గిన్నె ఎందుకు పట్టుకున్నావని అడిగాను.

"మీరొస్తరని," అన్నాడు.

ఇంక చేసేదేమీ లేక ముగ్గురం కూర్చున్నాం. ఎండ ఎక్కింది. నాలుగు గంటలు దాటితే కక్కడం దాని అలవాటు. తెల్లవారుజామున తింది కాబట్టి ఆ లెక్కన ఇప్పటికే అడవిలో ఏదో పొద కింద కక్కేసి ఉండాలి, లేదా కుట్లు విచ్చి పడి ఉండాలి. పది దాటాక బాట మీద మొదట కుక్క కనిపించింది. తోక నిలబెట్టి, ఆగి ఆగి వెనక్కి చూస్తూ వస్తోంది. దాని వెనక నెత్తిన ఆకు మూటతో ఆమె.

కుక్కను పట్టుకుని తిప్పి చూశాను. కుట్లు ఒక్కటి కూడా సడలలేదు. కడుపు మీద చేయి పెడితే ఖాళీగా ఉంది. ఖాళీ అంటే రెండు అర్థాలు. అన్నం కిందికైనా పోయి ఉండాలి, పైకైనా వచ్చి ఉండాలి. అడవిలో కక్కిందా అని ఆమెను అడిగాను.

"నేను ఆకు సూడాల్నా, దాని మూతి సూడాల్నా?" అంది మూట దించుతూ. "అది నా ముందల నడిసింది. గంతే ఎరుక."

ఇంక మాకు సాక్ష్యం ఒక్కటే దారి. కిందికి పోయిన అన్నం కిందినుంచే రావాలి. కుక్క నీళ్లు తాగింది, ఒళ్లు విరుచుకుంది, పెరట్లోకి నడిచింది. మేము ముగ్గురం దాని వెనకే నడిచాం. అది ఒక పొద దగ్గర ఆగి, గుండ్రంగా తిరిగి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఇంకో పొదకు పోయింది. మేమూ పోయాం. ఇలా మూడు పొదలు అయ్యాయి. ఐదేళ్లు చదివిన డాక్టరు, ఇరవై ఏళ్ల సర్వీసున్న కాంపౌండరు, కొండను మోసే టింబర్‌మన్ ఒక ఊరకుక్క వెనక భాగం వంక భక్తితో చూస్తూ నిలబడ్డాం.

"జర అటు మొకం తిప్పుకోండ్రి," అంది ఆమె వెనకనుంచి. "దానికి సిగ్గైతది."

తిప్పుకున్నాం. నా ఎదురుగా కోళ్ల గూడు ఉంది. అంత శ్రద్ధగా నేను ఇంతవరకు ఏ కోళ్ల గూటినీ చూడలేదు. పక్కన టింబర్‌మన్ జావ గిన్నె ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"అయింది. ఇగ సూసుకోండ్రి మీ సదువు," అంది ఆమె.

చాచా కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, వంగి చూశారు. గట్టిగా, నిండుగా, మధ్యలో జొన్న పొట్టు స్పష్టంగా. అంతా ఉందన్నారు. చూద్దామని టింబర్‌మన్ కూడా వంగాడు. చేతిలో గిన్నె ఒరిగి జావ మట్టిలో పోయింది. కుక్క వచ్చి దాన్ని వాసన చూసి, నాకకుండానే పోయింది.

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోతూ, పొద్దెక్కింది, తిని పోండ్రి అంది. అరుగు మీద విస్తళ్లు పరిచింది. ఆ ఎండు చేపల కూర నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. కుక్క మూడుసార్లు పెట్టించుకుంది. సాయంత్రం దాకా మాలో ఎవరమూ కక్కలేదు.